నా నవలకో మధ్యవర్తి: పాలకొల్లు నుంచి పట్టిసీమ దాకా

శనివారం పొద్దున్న ఆరు దాటాక పాలకొల్లు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాం, నేనూ మా వదినా. మా దగ్గర మూడు సంచులున్నాయి. ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో వదిన క్యారియరు, ఇంకోదాంట్లో నా నవల. మూడింట్లోకీ క్యారియరే బరువని వదిన రెండుసార్లు ఎత్తి చూసి మరీ తేల్చింది. వదినంటే మా ఆయన అక్కగారు, రత్నకుమారి. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. నేను ఊరు దాటితే తను వెంట రావాల్సిందే. నేను దారి తప్పుతానని కాదు, దారిలో ఏం తింటానో అని తన బెంగ.

ప్రయాణం ఎందుకో ముందు చెప్పాలి. మాకు పాలకొల్లు మెయిన్ రోడ్డులో మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకొచ్చిన వాళ్ళకి దానికి నప్పే జాకెట్టు గుడ్డ, ఫాల్సు, లైనింగు చూపించడం నా పని. మధ్యాహ్నం పూట బేరాలుండవు. ఆ ఖాళీ వేళల్లో కౌంటరు వెనక కూచుని కొన్నేళ్ళుగా ఒక నవల రాశాను. సుభద్ర అనే ఆవిడ కథ. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే కర్రీ పాయింటు పెట్టుకుని, కూరలమ్మి తన కాళ్ళమీద తను నిలబడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందనేది నవల.

మావైపు నవల రాసినవాళ్ళు చాలామంది సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుంటారు. ఒక పెద్దమనిషిని పిలిచి ఆవిష్కరణ చేయిస్తారు. మిగిలిన కాపీలు శుభకార్యాల్లో తాంబూలంతో పాటు చేతిలో పెడతారు. పుచ్చుకున్నవాళ్ళు అట్ట చూసి "భలే ఉందండీ" అంటారు, అక్కడితో సరి. నాకది ఇష్టం లేదు. చుట్టాలు మొహమాటానికి పుచ్చుకునే పుస్తకం కాదు నాక్కావలసింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో చదివి, సుభద్ర గురించి ఒక్క పూటైనా ఆలోచించాలి. ఇంతకు మించిన కోరిక ఈ వయసులో నాకింకేం లేదు.

అలాంటప్పుడు మా అమ్మాయి ఫోనులో ఒక ప్రకటన చూపించింది. రాజమండ్రి పుస్తక ప్రదర్శనకి బెంగళూరు నుంచి సాహిత్య ఏజెంటు ఒకావిడ వస్తున్నారట. కొత్త నవలాకారుల్ని కొందరిని కలుస్తారట. మూడు అధ్యాయాలూ, ఒక పేజీ పరిచయమూ పంపితే నచ్చినవాళ్ళని పిలుస్తారట. పంపాను, పిలిచారు. ఏజెంటంటే ఎవరని అడిగేవాళ్ళ కోసం చెబుతున్నాను: పెళ్ళికి మధ్యవర్తి ఎలాగో పుస్తకానికి ఏజెంటు అలాగ. మన నవల గురించి ప్రచురణకర్తలతో ఆవిడే మాట్లాడుతుంది, ఇతర భాషల్లోకి వెళ్ళే దారి చూస్తుంది. పుస్తకం అమ్ముడయ్యాకే తన వాటా తీసుకుంటుంది. ముందే డబ్బు కట్టమన్న ఏజెంటు దగ్గర్నుంచి మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

భీమవరంలో మా ఎదర సీట్లోకి రొయ్యల మేత కంపెనీలో పనిచేసే ఒకాయన వచ్చి కూచున్నాడు. వదిన క్యారియరు మూత తీసేసరికి మాటలు కలిశాయి.

"రాజమండ్రి ఏం పనిమీదండీ?"

"మా మరదలు నవల రాసిందండి. దానికి ఏజెంటు గారిని చూడ్డానికి" అంది వదిన.

"నవలక్కూడా ఇన్సూరెన్సు వచ్చిందా అండీ!" అని ఆయన నిజంగానే సంతోషించాడు. తణుకు వచ్చేలోపు నేను విడమరిచి చెప్పాను. ఆయన దిబ్బరొట్టె ముక్క చేత్తో పట్టుకుని శ్రద్ధగా విని, "ఏదేమైనా మంచి పార్టీ దొరకాలని కోరుకుంటున్నానండి" అని దిగిపోయాడు.

పది దాటాక రాజమండ్రిలో దిగాం. కోటిపల్లి బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే కింద పళ్ళబళ్ళ వాళ్ళ కేకలు వినిపిస్తాయి. ఆడవాళ్ళు నిశ్చింతగా దిగొచ్చు. స్నానాలు చేసి, మధ్యాహ్నం భోజనం వదిన క్యారియరులోదే తిని, మూడింటికి ఆటోలో ప్రదర్శనకి వెళ్ళాం.

మైదానం నిండా షామియానాలు. ఒక చివర గుడ్డ కట్టి చేసిన చిన్న గదిలో ఏజెంటు గారు కూచున్నారు. బయట కుర్చీల్లో మాలాంటి వాళ్ళు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. నా పక్కనున్న రిటైర్డ్ ఇంజినీరు గారు "నాది అయిదు భాగాలండి, ఆరోది నడుస్తోంది" అన్నారు. ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. నాలుగున్నరకి నన్ను పిలిచారు. వదిన నా కొంగు సర్ది లోపలికి తోసింది.

ఏజెంటు నివేదిత గారికి నలభై లోపే ఉంటాయి. పొట్టి జుట్టు, నూలు చీర. పెద్దవాళ్ళది ఎప్పుడో విజయనగరం వైపట, ఆవిడ పుట్టి పెరిగిందంతా బెంగళూరే. ఎదురుగా నా మూడు అధ్యాయాలున్నాయి, పక్కన పెన్సిలు గీతలతో.

"కూచోండి పార్వతి గారూ. టీ తాగుతారా?"

"వద్దండి" అన్నాను. అప్పటికి నా నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. కానీ మావైపు మొదటిసారి అడిగినప్పుడు వద్దనడం మర్యాద. అవతలివాళ్ళు "అబ్బే, కొంచెమే" అనాలి. మనం మళ్ళీ మొహమాటపడాలి. మూడోసారికి గ్లాసు చేతిలో పెట్టేయాలి. ఆవిడేమో టీ తెచ్చినాయనతో "అయితే ఒకటి చాలండి" అని చెప్పి పంపేశారు. ఆవిడ తాగుతుంటే నేను చూస్తూ కూచున్నాను.

"మూడు అధ్యాయాలూ చదివాను. ఇప్పుడు మీ నోట వినాలి. ఈ నవలలో ఏముంది? నేనెందుకు తీసుకోవాలి?"

"ఏముందండీ, కొట్లో ఖాళీ దొరికినప్పుడు ఏదో రాసుకున్నాను. అంత గొప్పదేం కాదు. మీ టైము వేస్టు చేస్తున్నానేమో" అన్నాను.

పది రకాలు వండి వడ్డించి కూడా "ఏదో ఉన్నంతలో చేశామండి" అనే ఊళ్ళో పెరిగినదాన్ని. నేనలా అన్నాక ఆవిడ "అయ్యో, అదేంటండీ, అద్భుతంగా ఉంది" అనాలి. అప్పుడు నేను కొంచెం కొంచెంగా విప్పాలి. నేను తల వంచుకుని ఆ మాట కోసం కాచుకున్నాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, "అలాగా. నిజాయితీగా చెప్పారు, థాంక్స్" అన్నారు.

ఆ తర్వాత ఆవిడే మర్యాదకి, "రేపు ఆదివారం నాకు సెలవు. పట్టిసీమ చూడాలని ఉంది, ఎలా వెళ్ళాలి?" అని అడిగారు. ఇక చూడండి నా వాగ్ధాటి! ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఏడున్నర పోలవరం బస్సు ఎక్కమన్నాను. కుడివైపు కిటికీ పట్టుకోమన్నాను, గోదావరి బాగా కనిపిస్తుంది. కొవ్వూరు, తాళ్ళపూడి మీదుగా వెళ్తుంది, పట్టిసీమ రేవు దగ్గర దింపమని కండక్టరుకి ముందే చెప్పమన్నాను. ఇసుకలో నడవాలి కాబట్టి చెప్పులు చూసుకోమన్నాను. అన్నీ చెప్పి, నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

వదినకి జరిగింది చెబితే నడిరోడ్డు మీద నిలబెట్టి దులిపేసింది. "గజం గుడ్డ అమ్మడానికి గంటసేపు పొగుడుతావు. ఉతికినా రంగు పోదంటావు, మీ ఒంటికే నేశారంటావు. సొంత నవల దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదా?"

"గుడ్డ నేను నేసింది కాదుగా వదినా! నేను రాసింది బావుందని నేనే ఎలా చెప్పుకోను?"

"బస్సు గురించి మాత్రం చెప్పావు" అంది. ఆటో కోసం చెయ్యెత్తుతూ, "ఏడున్నర బస్సేగా?" అంది. నాకు అర్థమై భయం వేసింది. వెంటపడుతున్నామనుకోరూ అన్నాను. "మనం దేవుణ్ణి చూడ్డానికి వెళ్తున్నాం. ఆవిడ కనపడితే అది పట్టిసీమ వీరభద్రుడి దయ" అని వదిన తేల్చేసి, నన్ను మెయిన్ బజారులో రోజ్ మిల్క్ దుకాణానికి లాక్కుపోయింది. బెంగలో కూడా అది చల్లగా, కమ్మగా దిగింది. ఆ సంగతి నేను దాచను.

ఆదివారం ఏడుంబావుకే కాంప్లెక్స్‌లో ఉన్నాం. మన రాష్ట్రం ఆడవాళ్ళకి ఈ బస్సుల్లో ఛార్జీ లేదు, ఆధార్ కార్డు దగ్గర ఉంచుకుంటే చాలు. నివేదిత గారు నేను చెప్పినట్టే వచ్చి, నేను చెప్పినట్టే కుడివైపు కిటికీ పట్టుకున్నారు. వెనక సీట్లో మమ్మల్ని చూసి, "అరె, మీరూ వస్తున్నారా!" అని ఆశ్చర్యపోయారు. వదిన "మొక్కుందండి" అంది. ఆవిడ కూడా కార్డు తీసి చూపించారు గాని, అది కర్ణాటకది. కండక్టరు నవ్వి టికెట్టు కొట్టాడు.

కొవ్వూరు దాటాక ఒకవైపు ఏటిగట్టు, ఇంకోవైపు అరటితోటలు. పట్టిసీమ దగ్గరికొచ్చేసరికి గోదావరి నీళ్ళు తోడే పెద్ద పెద్ద గొట్టాలు వరసగా కనిపించాయి. దిగేసరికి తొమ్మిది దాటింది. గట్టు దిగి ఇసుకలో నడిచి పడవ దగ్గరికి చేరాం. నీళ్ళ మధ్యన కొండ, కొండ మీద గుడి, చలికాలపు ఎండలో చక్కగా కనిపిస్తున్నాయి. పడవ నిండితే గాని కదలదు. లైఫ్ జాకెట్లు తొడుక్కుని ముగ్గురం ఒకే బల్ల మీద కూచున్నాం. నవల గురించి నేనెత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. నేను గోదావరిని చూస్తూ లోపల్లోపల కుమిలిపోతున్నాను.

వదిన సంచిలోంచి పులిహోర తీసింది. విస్తరాకు ముక్కలో పెట్టి ముందు నివేదిత గారికి చాపింది.

"వద్దండీ, థాంక్స్."

వదిన ఆకు ఆవిడ చేతిలో పెట్టేసి, పక్కన ఊరమిరపకాయ కూడా వేసింది.

ఆవిడ బిత్తరపోయి చూశారు. "వద్దన్నాను కదండీ?"

"ఒక్కసారేగా అన్నారు" అంది వదిన.

"ఎన్నిసార్లు అనాలి?"

"మూడుసార్లంటే నిజంగా వద్దని. మొదటిసారి వద్దంటే, ఆకలిగానే ఉంది గాని అడగడానికి మొహమాటం అని."

నివేదిత గారు ఆకు వంకా నా వంకా చూశారు. పులిహోర ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలారు. ఆ తర్వాత నన్ను అడిగారు.

"నిన్న మీరు టీ వద్దన్నారు."

"తాగేదాన్నేనండి" అన్నాను.

"నవల అంత గొప్పది కాదన్నారు. అది కూడా ఇలాంటిదేనా?"

పడవ ఇంజను అప్పుడే మొదలైంది, అందుకని గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. నాకదే మేలయింది. "బాగా రాశానని నా నోటితో నేను చెప్పుకోలేనండి. మమ్మల్నలా పెంచలేదు. ఆ మాట చెప్పుకోగలిగితే ఇక ఏజెంటు ఎందుకండీ? అది చెప్పడానికే కదా మీరున్నది!" అన్నాను. చుట్టుపక్కల వాళ్ళంతా తిరిగి చూశారు. నా చెవులు వేడెక్కిపోయాయి.

ఆవిడ ఎంత నవ్వారంటే, ఊరమిరపకాయ ఘాటుకి పొరబోయింది. నీళ్ళు తాగి, "సరే, మీరు చెప్పొద్దు. ఇంకెవరైనా చదివారా?" అన్నారు.

"నేను చదివానండి" అంది వదిన. "నాకు నచ్చలేదు."

వదిన నా నవల చదివిందనే నాకు తెలీదు! ప్రింటు తీయించిన కాగితాలు బీరువాలో పెట్టాననుకున్నాను. అవి వంటింట్లోకి ఎప్పుడు వెళ్ళాయో, ఎప్పుడు వచ్చాయో!

"మూడు రోజులు దీనితో సరిగ్గా మాట్లాడలేదండి" అంటోంది వదిన. ఆ మూడు రోజులూ నాకు గుర్తున్నాయి. పచ్చడి జాడీ మూత సరిగ్గా పెట్టలేదని కోపం అనుకున్నాను.

"ఎందుకు నచ్చలేదు?"

"ఆ సుభద్ర వల్లండీ! మొగుడు అన్నేళ్ళకి తిరిగొచ్చి కర్రీ పాయింటు ముందు నిలబడతాడు. మనిషి చిక్కి సగమైపోయాడు. అతన్ని పట్టుకుని, 'ఎన్ని పార్సిళ్ళు కావాలండీ?' అని అడుగుతుందా? అండీ అంటుందా? ఇంటికొచ్చి తలుపు కొడితే తీయదే! తీసి, నాలుగు దులిపి, అన్నం పెట్టి, అప్పుడు పంపేయొచ్చుగా?"

"పంపేసేవాడికి అన్నం ఎందుకండీ?"

"తిట్లు పడాలంటే ఓపిక ఉండాలి కదండీ" అంది వదిన.

పడవ కొండ చేరింది. మెట్లెక్కుతూ కూడా వదిన ఆపలేదు. సుభద్ర గోంగూర రొయ్యల రుచి ఎలా పట్టిందో, పక్క కొట్టువాడు కరెంటు తీగ కోసేస్తే దీపాల వెలుగులో ఎలా అమ్మిందో, తనకి జ్వరమొస్తే అద్దె ఇంటామె ఎలా కాచుకుందో, అన్నీ వరసగా చెప్పింది. ఒకచోట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది నేను రాసి రెండుసార్లు కొట్టేద్దామనుకున్న భాగం. నేను వెనక నడుస్తూ, ఎవరో వేరేవాళ్ళ నవల గురించి వింటున్నట్టు విన్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది, ఆ సంగతి ఎవరికీ కనపడకూడదని మెట్లు లెక్కపెడుతున్నట్టు నటించాను.

సగం మెట్ల దగ్గర నివేదిత గారు ఆగిపోయారు. "ఆగండాగండి, ముగింపు కూడా చెప్పేశారు మీరు! ఇంకేం చెప్పకండి. పార్వతి గారూ, మొత్తం నవల మీ దగ్గరుందా?"

నా దగ్గర లేదు, లాడ్జిలో వదిలేశాను. నేను వదిలేసినా వదిన వెంట తెచ్చింది, క్యారియరు సంచి అడుగు నుంచి ఆ కాగితాల కట్ట తీసింది. పై పేజీ మీద పులిహోర నూనె మరక. ఆవిడ దాన్ని రెండు చేతులతో పుచ్చుకున్నారు. దర్శనం చేసుకుని, తీర్థం తీసుకుని, ముగ్గురం ఒకే బస్సులో వెనక్కి వచ్చాం. దారి పొడుగునా ఆవిడ చదువుతూనే ఉన్నారు. ఈసారి ఎడమవైపు కిటికీ పట్టుకోమని నేను చెప్పింది వృథా, తిరుగు ప్రయాణంలో ఆవిడ ఒక్కసారి కూడా గోదావరిని చూడలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆవిడకి విమానం, మాకు రైలు, ఈలోపే చదివి ఫోను చేస్తానన్నారు. ఒంటిగంట దాటినా ఫోను రాలేదు. స్టేషన్లో వదిన పెరుగన్నం పెడితే ఫోను వంక చూస్తూ పక్కన పెట్టేశాను. చదివి వదిలేసి ఉంటారు, నూనె మరక చూసి చిరాకుపడి ఉంటారు అని ఏవేవో అనుకున్నాను. రెండింటికి ప్లాట్‌ఫారం మీద ఉండగా ఫోను మోగింది.

"పూర్తయింది. మీ నవలకి ఏజెంటుగా ఉండాలనుకుంటున్నాను, మీకిష్టమైతే."

"నాకిష్టమేనండి" అన్నాను, ఒక్క క్షణం కూడా మొహమాటపడకుండా. వదిన నా వంక వింతగా చూసింది.

ఆవిడ జాగ్రత్తలన్నీ చెప్పారు. ఒప్పందం పంపిస్తారు, తెలిసిన లాయరుకి చూపించి సంతకం పెట్టాలి. మొదటి అధ్యాయం కుదించాలి. తెలుగు ప్రచురణ ముందు చూస్తారు, అనువాదకుల్ని వెతకాలి, ఏడాది పట్టొచ్చు, అసలు ఎవరూ తీసుకోకపోనూవచ్చు. "ముగింపు మాత్రం ముట్టుకోకండి" అన్నారు. అన్నిటికీ తలూపాను, ఫోనులో కనపడదని తర్వాత గుర్తొచ్చింది.

ఇలాంటి పనిమీద రాజమండ్రి వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే. నవల, ఆధార్ కార్డు, మంచి చెప్పులతో పాటు, మీ పుస్తకం చదివి మీమీద కోపం తెచ్చుకున్న మనిషిని ఒకరిని వెంట పెట్టుకోండి. క్యారియరు ఉంటే మరీ మంచిది.

రైలెక్కాక వదిన ఊరుకోలేదు. ముగింపు మార్చక్కర్లేదన్నారని కొత్తగా కోపం వచ్చింది. కొవ్వూరు దాటేసరికి పెట్టెలో అందరికీ సుభద్ర కథ చెప్పేసింది. అది నవల అని అననే లేదు, మా వీధిలో ఎవరికో జరిగినట్టు మొదలుపెట్టింది. నిడదవోలు దాటాక రెండు జట్లయ్యాయి. ఒక మేష్టారు "ఎంతైనా తలుపు తీయాలండీ, మనిషి కదా" అన్నారు. కాలేజీ అమ్మాయి ఒకతె "ఎందుకు తీయాలండీ? అడక్కుండా పోయినవాడు అడక్కుండా రాకూడదు" అంది. తణుకులో ఎక్కినవాళ్ళు కూడా సగం నుంచి విని తీర్పులు చెప్పారు. కిటికీ పక్కన కుట్టుమిషను సామాను సంచితో కూచున్న ఒకావిడ మాత్రం పెదవి విప్పలేదు.

ఆవిడ అత్తిలిలో దిగింది. దిగి వెళ్ళిపోకుండా, ప్లాట్‌ఫారం మీద మా కిటికీ దగ్గరికి వచ్చి ఊచ పట్టుకుంది.

"ఆ సుభద్ర గారికి నా మాటగా చెప్పండమ్మా. తలుపు తీయకపోవడమే మంచిదయింది. నేను తీశాను."

రైలు కదిలింది. పేరు అడిగే వ్యవధి లేదు. "చెప్తానండీ, తప్పకుండా చెప్తాను" అని కిటికీలోంచి అరిచాను. ఆవిడ సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచిపోయింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

వదిన ఆవిడ కనుమరుగయ్యేదాకా చూసింది. మంచిలి దాటాక క్యారియరు మూత బిగించి నావైపు తిరిగింది.

"పుస్తకం వచ్చాక ముందు అత్తిలికి పంపించమని నివేదిత గారికి చెప్పు" అంది.